కొండదారికి మూట

పెద్దల మాట చద్దిమూట యని మనవారు సామెత చెప్పుదురు. తోవలో ఆకలి వేసినపుడు బాటసారిని ఆదుకొనునది చద్దిమూట. ఆపద వచ్చినపుడు ఆదుకొనునది పెద్దల మాట. కొండలెక్కువారి విషయమున ఈ రెండును ఒక్కటియే. నేడు కొండదారి పట్టువారు వీపుసంచిలో సర్దుకొను వస్తువులలో పెక్కింటిని పూర్వమెవరో నష్టపడి, కష్టపడి మనకు చెప్పిపోయిరి. ఆ వస్తువుల చరిత్రను ఈ ప్రసంగమున కొంత ముచ్చటించుకొందము.

1991 సెప్టెంబరులో ఇటలీ, ఆస్ట్రియా దేశముల సరిహద్దున, ఆల్ప్సు పర్వతములలో 3,210 మీటర్ల ఎత్తున, కరగుచున్న మంచునుండి ఒక మనుష్యుని దేహము బయటపడెను. అతడు నేటికి సుమారు 5,300 సంవత్సరములనాటివాడు. ఒక పత్రికారచయిత అతనికి ఓట్జి అని పేరు పెట్టెను. అతని మూట చెడిపోక నిలిచియుండుటచే, లోహయుగారంభమున కొండదాటువాడు ఏమేమి వెంటగొనిపోయెనో మనము కన్నులార చూడగలుగుచున్నాము. వీపున మోయుటకు కొయ్యచట్రము, ఎలుగుబంటి తోలు అడుగుగా కుట్టి, లోపల ఎండుగడ్డి కూరిన జోళ్ళు, ఎలుగుతోలు టోపి, రాగి గొడ్డలి, ఒరలో చెకుముకిరాతి కత్తి, నిప్పు రాజేయుటకు ఎండిన చెట్టుపుట్టగొడుగు. భూర్జపత్రముతో చేసిన రెండు డబ్బాలలో ఒకదానియందు ఆకులును, బొగ్గుతునకలును ఉండెను. ఆకులలో చుట్టిన నిప్పుకణికలను అతడు అందులో మోసుకొనిపోయి యుండునని పండితుల అభిప్రాయము. అతని భుజమున దిగబడిన బాణపుములికి 2001లో తెలియవచ్చెను. అతనిని చంపినది కొండ గాదు, మనుష్యుడు. మూటలో మాత్రము లోపము కానరాదు.

వస్తువు కలిగియుండుట వేరు, వేళకు దానిని వాడుకొనుట వేరు. ఈ సంగతిని 1865 జులై 14వ తేదీ లోకమునకు నేర్పినది. ఆనాడు ఎడ్వర్డు వింపరు మొదలగు ఏడుగురు మేటర్‌హార్న్ శిఖరమును మొట్టమొదట ఎక్కి, జయోత్సాహముతో దిగుచుండిరి. ఒకడు కాలుజారి మరియొకనిపై పడెను. నడుములకు కట్టుకొన్న మోకు తెగి నలుగురు లోయలోనికి కూలిరి. విచారణలో బయటపడిన విషయమేమనగా, వారియొద్ద అంతకంటె గట్టి మోకులు ఉండినవి. తెగినది అన్నింటికన్న పలుచనిది, పాతది. ఆ తెగిన త్రాడు నేటికిని జెర్మాట్ గ్రామమున ప్రదర్శనశాలలో ఉన్నది.

మరచిపోయిన వస్తువుల కథ ఎవరెస్టుపై నడచినది. 1924 జూన్ 8వ తేదీన జార్జి మాలరీ, ఆండ్రూ ఇర్విన్ శిఖరమువైపు వెళ్ళి తిరిగిరాలేదు. అంతకు ముందునాడు మాలరీ తన సహచరుడైన ఓడెల్‌కు కూలీలచే చీటి పంపెను. దిక్సూచిని విడిచివచ్చిన గుడారములో మరచితిననియు, దానిని ఎట్లయినను కాపాడుమనియు అందులో కోరెను. వారి వంటపొయ్యియు కొండవాలున దొర్లిపోయెను. 1933లో మరియొక బృందము ఆ తుదిగుడారపు శిథిలములను చేరగా అచట ఒక చేతిదీపము కనబడెను. నొక్కగానే అది వెలిగెనట! 1999లో మాలరీ దేహము దొరకినపుడు అతని చలువకళ్ళజోడు జేబులో ఉండెను. చీకటిపడిన పిమ్మట దిగుచుండెనేమోయని కొందరు తలచిరి. దీపము లేకుండుటయే వారి మృతికి కారణమని మేము చెప్పజాలము. కాని మంచులో తొమ్మిదేండ్లు చెడక నిలిచిన దీపము, కావలసిన రాత్రి చేతిలో లేకపోయెనన్న తలపు మనస్సును కలచివేయక మానదు.

ఇక పాదరక్షల మాట. 1935లో ఇటలీదేశపు పర్వతారోహకులు ఆరుగురు పుంటా రాసికా యను కొండపై తుఫానులో చిక్కి మరణించిరి. ఆ కాలమున రాతిపై ప్రాకుటకు మెత్తని అడుగుగల తేలికజోళ్ళు తొడుగుకొని, మేకులు కొట్టిన బరువుజోళ్ళను క్రిందనే విడుచుట వాడుక. తేలికజోళ్ళు మంచులో పనికిరావు. మృతుల మిత్రుడైన విటాలె బ్రమాని ఆ దుఃఖమునుండి ఒక ఆలోచన తీసెను. 1937లో గాళ్ళు తీర్చిన రబ్బరు అడుగును అతడు సిద్ధపరచెను. రాతిపైనను, మంచుపైనను అది పట్టు విడువదు. 1954లో కె-2 శిఖరమును మొదట ఎక్కిన ఇటలీవారు ఆ అడుగుగల జోళ్ళనే తొడిగిరి.

మేలైన వస్తువునకు తొలుత నవ్వులు ఎదురగుటయు కలదు. 1922లో జార్జి ఫించ్ అను శాస్త్రజ్ఞుడు బెలూనుగుడ్డలో పక్షియీకలు కూరి కోటు కుట్టించుకొనెను. తోడివారు పరిహసించిరి. ఆ కోటుతో, ప్రాణవాయువు సీసాలతో అతడు ఎవరెస్టుపై సుమారు 8,300 మీటర్లు ఎక్కెను. అప్పటికి మానవుడెక్కిన ఎత్తులలో అదియే మిన్న. నేడు మంచుకొండల కేగువారిలో పెక్కురు ఈకలకోటునే ధరించుచున్నారు.

ఇట్టి అనుభవముల నన్నింటిని కూడి ఒక పట్టికగా అమర్చినవారు అమెరికాలోని సియాటిల్ నగరపు పర్వతారోహక సంఘమువారు. 1930ల శిక్షణతరగతులలో మొదలై, 1974లో వారి పాఠ్యగ్రంథమున అచ్చయిన ఆ పట్టికలో పది వస్తువులు కలవు: పటము, దిక్సూచి, చలువకళ్ళజోడు, అదనపు దుస్తులు, అదనపు ఆహారము, దీపము, ప్రథమచికిత్స సామగ్రి, అగ్గిపెట్టె, నిప్పు రాజేయు వస్తువు, కత్తి. ఓట్జి మూటతో పోల్చిచూడుడు. కొన్ని సరిపోవును!

అట్లని కనబడినదెల్ల మూటగట్టరాదు. 1934లో షిప్టన్, టిల్మన్ అనువారు ముగ్గురు షెర్పాలతో మాత్రమే కూడి, అతి తక్కువ సామగ్రితో, అంతవరకెవ్వరు చొరలేని నందాదేవి లోయలోనికి ఋషిగంగ గండిద్వారమున ప్రవేశించిరి. ఒకనాటి నడకకు తన బరువులో పదియవవంతు మించి మోయకుండుట మేలు. బరువైనవి వీపునకు ఆనించి భుజముల నడుమను, తేలికబట్టలు అడుగునను, నీరు, వానగుడ్డ, దీపము చేతికందునట్లు పైనను సర్దవలెను. అగ్గిపెట్టె తడిచొరని డబ్బాలో ఉండవలెను.

మన కొండలకు ఈ పట్టిక నున్నదున్నట్లు తెచ్చుకొనరాదు. అది మంచుకొండల సీమలో పుట్టినది. మొదటి పదింటిలో నీటికి వేరుగా చోటే లేదు. 2003లో దానిని సవరించినపుడే నీరు అందు చేరినది. శివరాత్రికి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమల దాటి శ్రీశైలమునకు నడచువారికి ఎండయే గండము. గంటకు అరలీటరు చొప్పున నీరు లెక్కించుకొనవలెను. ఎండిన ఆనపబుర్రలో నీరు నింపుకొని అడవిలో తిరుగు మన గిరిజనులకు ఈ లెక్క ఎవ్వరును చెప్పనక్కరలేదు. గొల్లవాని గొంగళియు అట్టిదే: వానకు గొడుగు, రాత్రికి దుప్పటి, పగలు పరుపు. ఒక వస్తువు మూడు పనులు చేసినచో రెండు వస్తువుల బరువు తగ్గును.

కడపట ఒక్క మాట. పట్టికలలో తరచు కానరానిది, మూటలో గురువెత్తు బరువైనను లేనిది ఒకటి కలదు. ఏ దారిన పోవుచున్నారో, ఏ వేళకు తిరిగివత్తురో ఇంటివారికి చెప్పి బయలుదేరుడు. చెప్పిన వేళ దాటినచో వెదకుటకు ఎవరిని, ఎటు పంపవలెనో ఇంట నున్నవారికి తెలిసియుండును.