వెర్మాండ్వా కౌంట్లు – రీమ్స్ పీఠము

ఉత్తర ఫ్రాన్సు దేశములో, సోమ్ నది ఎగువ ప్రాంతమున, వెర్మాండ్వా అను ఒక చిన్న సీమ యుండెను. సెయింట్ క్వెంటిన్, పెరోన్ అను పట్టణములు దానిలో ముఖ్యమైనవి. విస్తీర్ణమును బట్టి చూచినచో అది గొప్ప రాజ్యమేమియు కాదు. అయినను పదియవ శతాబ్దములో ఈ సీమనేలిన కుటుంబము ఒక రాజును తన కోటలో చెరయుంచెను. ఐదేండ్లు నిండని ఒక బాలుని ఆర్చిబిషప్పు పీఠమునకు ఎన్నిక చేయించెను. సంఘములో పదవి యనగా ఏమి, అది ఎవరిది అను ప్రశ్న ఈ చరిత్రలో మొదటినుండి చివరివరకు కనబడుచున్నది. కావున సంఘస్థులు దీనిని తెలిసికొనుట మేలు.

ఉద్యోగము ఆస్తియైన విధము

ఫ్రాంకుల రాజ్యములో ‘కౌంట్’ అనునది మొదట వంశపు బిరుదు కాదు, ఉద్యోగము. రాజు తన ప్రతినిధిగా ఒక సీమకు నియమించిన అధికారియే కౌంట్. న్యాయస్థానము నడుపుట, రాజునకు చెందవలసిన సుంకములు వసూలు చేయుట, యుద్ధకాలమున మనుష్యులను సమకూర్చుట అతని పనులు. జీతమునకు బదులు కొన్ని భూములు అనుభవించెడివాడు. రాజు తలచినచో అతనిని తీసివేయవచ్చును. క్రీ.శ. 800 క్రిస్మస్ దినమున రోములో చక్రవర్తిగా కిరీటము పొందిన షార్లమేన్, కౌంట్ల పనిని విచారించుటకు ఒక బిషప్పును ఒక ప్రభువును జతగా పంపుచుండెను.

ఆయన మరణానంతరము ఆ కట్టుబాటు సడలెను. 843లో వెర్డున్ ఒడంబడికచే సామ్రాజ్యము ఆయన మనుమలు ముగ్గురి మధ్య పంచబడెను. ఉత్తర సముద్రమునుండి నార్మనులు నదుల వెంబడి వచ్చి పట్టణములను, మఠములను దోచుచుండిరి. రాజు దూరముననుండగా ప్రజలను కాపాడినవాడు స్థానిక కౌంటే గనుక అతని బలము పెరిగెను. 877లో బట్టతల చార్లెస్ అను రాజు ఇటలీ దండయాత్రకు బయలుదేరుచు, తనతో వచ్చు కౌంట్లు మరణించినచో వారి కుమారుల హక్కులకు భంగము కలుగదని క్వియెర్జీలో హామీ యిచ్చెను. తండ్రి ఉద్యోగము కుమారునికి వచ్చుట క్రమముగా వాడుకయయ్యెను. కలెక్టరు ఉద్యోగము జమీందారీగా మారినట్లనుకొనిన మనకు సులభముగా బోధపడును.

భూములతోపాటు మఠములును వారి చేతిలో పడెను. హతసాక్షియైన క్వెంటిన్ పేరట వెలసిన సెయింట్ క్వెంటిన్ మఠమునకు వెర్మాండ్వా కౌంట్లే అధిపతులైరి. వారు గురువులు కారు, సన్యాసులు కారు. ప్రార్థన చేయుట మఠమువారి వంతు, ఆదాయము కౌంట్ వంతు.

కన్నులు పోయిన రాజు సంతతి

ఈ కౌంట్లు సామాన్య కుటుంబీకులు కారు. షార్లమేన్ మనుమడు బెర్నార్డ్ ఇటలీ రాజుగా నుండెను. తన పినతండ్రియైన లూయీ చక్రవర్తిపై తిరుగుబాటు చేసినందున 818లో అతని కన్నులు పొడిపించిరి. ఆ గాయములతోనే అతడు మరణించెను. నాలుగేండ్ల తరువాత, 822లో, అట్టిన్యీ సభలో చక్రవర్తి అందరియెదుట తన పాపము ఒప్పుకొని పశ్చాత్తాపపడెను. చచ్చినవాడు మాత్రము తిరిగి రాలేదు. బెర్నార్డ్ కుమారుడు పెపిన్. పెపిన్ కుమారుడు మొదటి హెర్బర్ట్. వెర్మాండ్వా కౌంట్ల వంశమును స్థిరపరచినవాడు ఇతడే.

రాజ్యమునేలుచున్న శాఖ ఒకవైపు, రాజ్యము పోగొట్టుకొనిన శాఖ మరియొకవైపు నిలిచెను. పొరుగువారితోను పగలు పెరిగెను. 896లో మొదటి హెర్బర్ట్, ఫ్లాండర్స్ కౌంట్ బాల్డ్విన్ తమ్ముని చంపెను. కొన్నియేండ్లకు బాల్డ్విన్ మనుష్యుడు హెర్బర్టును చంపెను. ఆ తరువాతి తరములో, 934లో, హతుని మనుమరాలు అదేలా, హంతకుని పంపిన బాల్డ్విన్ కుమారునికే ఇల్లాలాయెను. ఆనాటి ప్రభువులకు పగయైనను పెండ్లియైనను సరిహద్దుల లెక్కలోనివే.

పెరోన్ చెరసాల

వంశములోకెల్ల బలవంతుడు, జిత్తులమారి రెండవ హెర్బర్ట్. అప్పుడు ఫ్రాన్సును షార్లమేన్ వంశీయుడైన చార్లెస్ ఏలుచుండెను. సరళుడను పేరు అతనికి కలదు. ప్రభువులు అతనిపై తిరుగబడి రాబర్టును రాజుగా నిలిపిరి. 923 జూన్ నెలలో సోయిసోన్ యుద్ధమున రాబర్ట్ హతుడయ్యెను గాని చార్లెస్ గెలువలేకపోయెను. ప్రభువులు బర్గండీ ప్రభువైన రూడాల్ఫును రాజుగా ఎన్నుకొనిరి.

అప్పుడు హెర్బర్ట్ తన దూతలను చార్లెస్ యొద్దకు పంపి, ప్రమాణములతో నమ్మించి, తన యొద్దకు రప్పించుకొనెను. వచ్చిన రాజును బంధించి మొదట షాతో తియెరీలోను, పిమ్మట పెరోన్ కోటలోను ఉంచెను. రాణి తన చిన్న కుమారుడు లూయీని తీసికొని ఇంగ్లండులోని పుట్టింటికి పారిపోయెను. రూడాల్ఫ్ రాజు తాను కోరిన లావోన్ పట్టణము ఈయక నిరాకరించినప్పుడెల్ల, హెర్బర్ట్ చెరలోని చార్లెస్‌ను బయటికి తెచ్చి, ఇతడే నిజమైన రాజని చూపి బెదరించెడివాడు. 928లో లావోన్ దక్కగానే చార్లెస్ మరల చెరసాల చేరెను. 929 అక్టోబరు 7న పెరోన్‌లో మరణించెను. ప్రమాణమును నమ్మి వచ్చినవానిని ఆరేండ్లు పావుగా వాడుకొనిన కథ ఇది.

ఐదేండ్ల ఆర్చిబిషప్పు

రీమ్స్ పట్టణము ఫ్రాంకుల క్రైస్తవ్యమునకు పుట్టినిల్లు. క్లోవిస్ రాజు అక్కడనే రెమీజియస్ బిషప్పుచేత బాప్తిస్మము పొందెను. ఆ పీఠము క్రింద అనేక బిషప్పులు, విస్తారమైన భూములు, కోటలు, యుద్ధమునకు వచ్చు భటులు ఉండిరి. రీమ్స్ ఎవరి చేతిలో నుండునో వారి మాట రాజు వినవలసినదే.

925లో ఆర్చిబిషప్పు స్యూల్ఫ్ మరణించెను. హెర్బర్ట్ వెంటనే రీమ్స్ చేరి, పాదిరులను ప్రజలను కూర్చి, తన కుమారుడు హ్యూను ఎన్నుకొనునట్లు చేసెను. ఆ బాలునికి అప్పటికి ఐదేండ్లు నిండలేదు. రూడాల్ఫ్ రాజు సమ్మతించెను. పోపు పదియవ జాన్ కూడ ఒప్పుకొని, ఆత్మీయ విషయములు సోయిసోన్ బిషప్పు అబ్బో చూచునట్లు నిర్ణయించెను. పీఠపు భూములు, ఆదాయము హెర్బర్ట్ వశమయ్యెను. సెయింట్ క్వెంటిన్ మఠము విషయములో జరిగినదే ఇప్పుడు పెద్ద ఎత్తున రీమ్స్‌లో జరిగెను.

పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో అధ్యక్షునికి ఉండవలసిన లక్షణములు వ్రాయబడియున్నవి. అధ్యక్షుడు బోధింపతగినవాడై యుండవలెను. క్రొత్తగా చేరినవాడు కాకూడదు. రీమ్స్‌లోని పెద్దలకు ఈ మాటలు తెలియనివి కావు. ప్రతి సంవత్సరము వినుచున్నవే. తెలిసియు భయమువలన కొందరు, లాభమువలన కొందరు చేతులెత్తిరి.

బలముతో వచ్చినది బలముతోనే పోయెను. హెర్బర్ట్ పగవాడు కాగా, 931లో రూడాల్ఫ్ రీమ్స్‌ను ముట్టడించి పట్టుకొని, ఆర్టాల్డ్ అను సన్యాసిని ఆర్చిబిషప్పుగా నిలిపెను. 936లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన లూయీకి, అనగా పెరోన్‌లో చనిపోయిన చార్లెస్ కుమారునికి, అభిషేకము చేసినవాడు ఈ ఆర్టాల్డే. 940లో హెర్బర్టును అతని బావమరిదియు కలిసి రీమ్స్‌ను పట్టుకొని, ఇరువదేండ్లవాడైన హ్యూను మరల కూర్చుండబెట్టిరి. 946లో లూయీ రాజు, జర్మనీ రాజు ఆటో కలిసి వచ్చి హ్యూను వెళ్లగొట్టి ఆర్టాల్డును తెచ్చిరి. 948 జూన్ నెలలో ఇంగెల్‌హైమ్‌లో పోపు ప్రతినిధి అధ్యక్షతన కూడిన సభ, పీఠము ఆర్టాల్డుదని తీర్పు చెప్పి హ్యూను సంఘమునుండి బహిష్కరించెను. ఒకే మందకు ఇద్దరు కాపరులు, ఇరువదిమూడేండ్ల పోరాటము!

ఈ కథలో హ్యూను నిందించుట సులభము. అయితే నాలుగేండ్ల పసివాడు ఏమి కోరుకొనగలడు? పాలుమాలిన ప్రాయములోనే తండ్రి అతనిని ఒక హక్కు పత్రముగా మార్చెను. తండ్రి ఆశకు మొదటి బలి ఆ కుమారుడే.

మాన్యము పోగొట్టుకొనిన చరిత్రకారుడు

ఈ సంగతులు మనకు తెలియుటకు ముఖ్య కారకుడు ఫ్లోడార్డ్ అను రీమ్స్ కేథడ్రల్ పాదిరి. 925 ఎన్నికలో అతడు పాలుపొందలేదు. అందువలన హెర్బర్ట్ అతని జీవనాధారమైన మాన్యమును తీసివేసెను. 940లో హ్యూ తిరిగి వచ్చినప్పుడు ఫ్లోడార్డ్ కొన్ని నెలలు నిర్బంధములో గడపెను. అయినను అతడు కలము దింపలేదు. 919 మొదలుకొని 966లో తాను మరణించువరకు జరిగిన సంగతులను సంవత్సర క్రమమున వ్రాసెను. రీమ్స్ సంఘ చరిత్రను కూడ రచించెను. అతని చేతిలో సైన్యము లేదు, కోట లేదు. తన మాన్యము తీసికొనినవానిగూర్చి వ్రాయునప్పుడు సహితము కేకలు వేయక, ఏ యేట ఏమి జరిగెనో అంతమట్టుకే వ్రాసెను. శతవార్షికోత్సవములు జరుపుకొను సంఘములు ఇట్టి వ్రాతగాండ్రకు ఋణపడియున్నవి.

రెండవ వంశము

943లో హెర్బర్ట్ మరణించెను. అతని భూములు కుమారుల మధ్య చీలిపోయెను. వెర్మాండ్వా ఆల్బర్టునకు వచ్చెను. నూరేండ్లకు పైగా ఆ శాఖ ఏలినది. చివరకు నాలుగవ హెర్బర్ట్ కుమార్తె అడెలాయిద్‌ను ఫ్రాన్సు రాజు ఫిలిప్ తమ్ముడు పెండ్లాడగా, కౌంటీ రాజకుటుంబపు శాఖకు చేరెను. అతని పేరును హ్యూయే. మొదటి క్రూసేడు యుద్ధమునకు వెళ్లి, యెరూషలేము చేరకమునుపే తిరిగివచ్చి, మరల బయలుదేరి, 1101లో పౌలు పుట్టిన తార్సులో మరణించెను.

ఇతని కుమారుడు రౌల్ కాలములో పాత దోషము మరల తలయెత్తెను. రౌల్ తన భార్యను విడిచి, ఫ్రాన్సు రాణి చెల్లెలైన పెట్రొనిల్లాను చేసికొనగోరెను. మొదటి వివాహము చెల్లదని తీర్పిచ్చిన ముగ్గురు బిషప్పులలో ఒకడు నొవాయోన్ బిషప్పు సైమన్. అతడు రౌల్‌కు స్వయాన సోదరుడు! 1142లో లాన్యీ సభలో పోపు ప్రతినిధి ఆ తీర్పును కొట్టివేసి రౌల్‌ను బహిష్కరించెను. విడువబడిన భార్య షాంపేన్ కౌంట్ కుటుంబపు స్త్రీ యైనందున యుద్ధము రేగెను. రాజు ఏడవ లూయీ సైన్యము విట్రీ పట్టణమును తగులబెట్టగా, గుడిలో దాగిన జనులు మంటలలో చనిపోయిరి. వారు 1300 మంది యని ఆనాటి వ్రాతలు చెప్పుచున్నవి. ఒక కుటుంబపు కోరికకు బిషప్పు సంతకము తోడైనప్పుడు దాని వెల చెల్లించినవారు ఏమియు ఎరుగని పల్లెవారు.

రౌల్ కుమారుడు కుష్ఠరోగియై సంతానము లేక 1167లో మరణించెను. పెద్ద కుమార్తె భర్త ఫ్లాండర్స్ కౌంట్ ఈ సీమను కొంతకాలము అనుభవించెను; 1185లో బోవ్ ఒడంబడికచే దానిలో భాగము రాజునకు వదలెను. చిన్న కుమార్తె ఎలియనోర్ 1213లో సంతానము లేక కన్నుమూయగా, మిగిలినదియు రాజుపరమై వెర్మాండ్వా కౌంట్ల కథ ముగిసెను.

మనకు పాఠము

సంఘమునకు శ్రమలు బయటినుండియే వచ్చునని మనము తలంచుదుము. నార్మనులు మఠములను కాల్చిరి, అది నిజమే. కాలిన గుళ్లను కొన్ని ఏండ్లలో మరల కట్టుకొనిరి. రీమ్స్‌ను చీల్చినవాడు మాత్రము బాప్తిస్మము పొందినవాడు, మఠములకు అధిపతి, షార్లమేన్ వంశీయుడు. రాజు ఉద్యోగమును వంశపు ఆస్తిగా మార్చుకొనిన చేతికి, కాపరి కర్ర కూడ ఆస్తిగానే కనబడెను.

సంఘములో పదవి గృహనిర్వాహకత్వము. యజమానుడు వేరొకడు, లెక్క అప్పగింపవలసిన దినము కలదు. ఎన్నిక సమయమున మన ఇంటివాడా, మన వర్గమువాడా, మనకు మేలు చేయునా అని మనస్సు అడిగినప్పుడు, రీమ్స్‌లో ఆ బాలుని ముందు కూర్చుండిన పెద్దలను తలంచుకొందము. అందరును చేతులెత్తిన ఆ దినమున చేయి ఎత్తక, మాన్యము పోయినను ఉన్నది ఉన్నట్లు వ్రాసిన ఫ్లోడార్డును కూడ తలంచుకొందము.