పొగాకు మాగుదల

కోసి ఆరబెట్టిన పొగాకు నిల్వలో ఉండగా దాని రంగు, వాసన, ఘాటు నెమ్మదిగా మారడాన్ని మాగుదల అంటారు. పైపులో కాల్చే పొగాకులో ఈ మార్పు ఆకు రకంతో పాటు దాన్ని తరిగిన తీరును, తేమను, తగిలే గాలిని బట్టి ఉంటుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టా వంటి ఉక్క ప్రాంతంలో వీటన్నిటిలోకి తేమే ముఖ్యం.

నేపథ్యం

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. 1618–22 మధ్య అక్కడున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్వోల్డ్ గోల్కొండ రాజ్యపు పొగాకు మోఖా, అరకాన్ రేవులకు ఎగుమతి అయ్యేదని రాశాడు. తరవాతి కాలంలో ఇంగ్లండులో మచిలీపట్నం పాత ఇంగ్లీషు పేరైన ‘మసూలిపటం’తో నశ్యం అమ్మేవారు. వర్జీనియా పొగాకు సాగు 1920 ప్రాంతంలో గుంటూరు వైపు మొదలైంది. డెల్టాలో మాత్రం వరే ప్రధాన పంటగా నిలిచింది.

మాగే తీరు

చుట్టలకు వాడే ఘాటు ఆకును ఆరబెట్టి, పదునుకు వచ్చాక మండె (గుట్ట) కడతారు. లోపలి ఆకు వేడెక్కి అమ్మోనియా వాసన వస్తుంది. అప్పుడు మండె విప్పి, పై ఆకును లోపలికి, లోపలి ఆకును పైకి మార్చి మళ్లీ కడతారు. దీంతో ఆకు ముదురు రంగుకు తిరిగి, గొంతులో గరుకు తగ్గుతుంది.

బ్యారన్ అనే వేడి కొట్టంలో ఆరబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. ఆ చక్కెర, అమైనో ఆమ్లాలు ఏళ్ల తరబడి చర్య జరుపుకోవడంతో పసుపు ఆకు గోధుమ రంగుకు మారి, ఎండుద్రాక్ష వంటి వాసన పడుతుంది. చక్కెర తక్కువగా ఉండే బర్లీలో మార్పు అంతగా కనిపించదు. పొగ పట్టించి తయారుచేసే లటాకియాలో పొగవాసన ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది.

కోతలు

రిబ్బన్, షాగ్: పోగుల్లాగా తరిగినవి. గాలి తగిలే పైభాగం ఎక్కువ కాబట్టి త్వరగా మారతాయి. డబ్బా తెరిస్తే అంతే త్వరగా ఆరిపోతాయి, తేమనూ పీల్చుకుంటాయి.

ఫ్లేక్: ఆకును అచ్చులో ఒత్తి పలకలుగా కోసినది. పొరల మధ్య గాలి తక్కువ. మార్పు నిదానంగా సాగుతుంది, తేమ ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్లగ్, ట్విస్ట్: ప్లగ్ గట్టిగా ఒత్తిన దిమ్మ, ట్విస్ట్ పురిపెట్టిన తాడు. వీటి లోపలి భాగం అన్నిటికన్నా ఆలస్యంగా మారుతుంది. వాడే ముందు కోసుకోవాలి.

డెల్టాలో నిల్వ

పొగాకు గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. వేసవి పడమటి గాడ్పుకు పెళుసెక్కి పొడయ్యే ఆకే, ముసురు పట్టినప్పుడు మెత్తబడి వేలికి చుట్టుకుంటుంది. చుట్టూ ఉన్న గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు పడుతుంది. మచిలీపట్నం తీరాన అంత తేమ మామూలే. అందుకే మూత బిగిసే గాజు సీసా, చల్లని చీకటి గది ఇక్కడ తప్పనిసరి.

రెండో బెడద పొగాకు పురుగు, లాసియోడెర్మా సెర్రికోర్నే. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది జోరుగా పెరుగుతుంది కనుక డెల్టాలో ఏడాదిలో ఎక్కువ నెలలు దానికి అనుకూలమే. పిల్లపురుగులు ఆకును, దిమ్మను తొలిచి సన్నని బెజ్జాలు, పొడి మిగులుస్తాయి. గడ్డకట్టించే చలిలో కొన్నాళ్లు ఉంచితే చస్తాయి.

ఆరోగ్యం

మాగిన పొగాకు గొంతుకు మెత్తగా తగిలినా హానిలో తేడా రాదు. పైగా ఆకును ఉక్కలో, వేడిలో నిల్వ ఉంచితే క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు పెరుగుతాయి. పైపు, చుట్ట పీల్చేవారికి నోటి, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్ల ముప్పు ఉంటుంది.