పొద్దున పులుపు, సాయంత్రం చేదు: రణపాల ఆకు బయటపెట్టిన ఎడారి మొక్కల గుట్టు

ముందు నా తప్పొకటి ఒప్పేసుకుంటాను. పోయిన ఎండాకాలం బాల్కనీలో ఐదు సక్యులెంట్ కుండీలు పెట్టాను. ఎండకి పాపం అనుకొని రోజూ పొద్దున్నే నీళ్లు పోశాను. నెల తిరక్కుండా నాలుగు కుళ్లిపోయాయి. మిగిలింది ఒక్క రణపాల. మన పెరళ్లలో కనిపిస్తుంది కదా, ఆకు తుంచి మట్టిలో పడేస్తే అంచుల వెంట పిల్లమొక్కలు లేస్తాయి, అదే. అసలు వీటికి నీళ్లు ఎందుకు అక్కర్లేదు అని వెతుకుతుంటే రెండొందల ఏళ్ల వెనకటి కథ దొరికింది.

కథలో మనిషి బెంజమిన్ హైన్, జర్మన్. ఈస్టిండియా కంపెనీ తరఫున మొక్కల పని చూసేవాడు. మన గోదావరి వైపు సామర్లకోటలో కంపెనీకి ఒక తోట ఉండేది. దాన్ని చూసుకున్న రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లిపోయాక ఆ బాధ్యత హైన్‌కి వచ్చింది. కుదురుగా కూర్చునే రకం కాదులెండి, కడప వైపు వజ్రాల గనుల గురించి కూడా రాశాడు.

ఇండియాలో ఉండగా ఈయన రణపాల ఆకు నమిలి చూశాడు. ఒక్కసారి కాదు, పూటపూటకీ. పొద్దున బాగా పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి రుచే లేదు. సాయంత్రానికి కాస్త చేదు. అదే ఆకు! ఈ సంగతి ఉత్తరంగా రాస్తే లండన్‌లోని లిన్నియన్ సొసైటీ 1815లో అచ్చేసింది. పరికరం ఏంటంటారా? నాలుక.

కారణం మాత్రం ఆయనకి పూర్తిగా దొరకలేదు. వెలుగు తగిలితే ఆకులోంచి ఆక్సిజన్ పోతోంది, అందుకే పులుపు తగ్గుతోంది అనుకున్నాడు. తప్పు పట్టలేం. పులుపు అంతటికీ ఆక్సిజనే మూలమని లవోయిజే చెప్పిన రోజులవి. ఆ పేరుకే పులుపు పుట్టించేది అని అర్థం. అంతకుముందే, 1804లో, జెనీవాలో సొస్యూర్ కూడా నాగజెముడు చీకట్లో మిగతా మొక్కల్లా గాలి పీల్చడం లేదని గమనించాడు. రెండు ముక్కలూ అతికి, ఈ పద్ధతికి ఒక పేరు స్థిరపడేసరికి 1940లు వచ్చేశాయి. క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం, పొట్టిగా క్యామ్. రణపాల కుటుంబం పేరే దానికి పెట్టారు.

విషయం ఇదీ. మొక్క తిండి వండుకోవాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి. దానికోసం ఆకు మీది సన్నని రంధ్రాలు తెరవాలి. తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. మామూలు మొక్కలు పగలే తెరుస్తాయి. ఇవి రాత్రి చల్లబడ్డాక తెరిచి, వచ్చిన గాలిని మాలిక్ యాసిడ్‌గా మార్చి దాచుకుంటాయి. ఆపిల్‌లో పులుపు కూడా ఈ యాసిడ్ వల్లే. తెల్లారగానే తలుపులు మూసేసి, దాచిన యాసిడ్‌లోంచి గాలి తీసుకుని ఎండతో వండుకుంటాయి. హైన్ నాలుకకి తగిలింది రాత్రి స్టాకు. మధ్యాహ్నానికి అది ఖర్చైపోయింది!

లెక్క చూడండి. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి వరి లాంటి మొక్క 400 నుంచి 500 గ్రాముల నీళ్లు పోగొట్టుకుంటుంది. క్యామ్ మొక్కకి 50 నుంచి 100 చాలు. కరువు మరీ ముదిరితే నాగజెముడు లాంటివి రాత్రి కూడా తలుపులు తెరవవు. లోపల తాము వదిలిన గాలినే మళ్లీ వాడుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తాయి. మైనపు తోలు, ముళ్లు, ఉబ్బిన కాండం అందరికీ తెలిసినవే. ఈ రాత్రి డ్యూటీ సంగతే బయటికి కనపడదు.

రణపాల అచ్చమైన ఎడారి మొక్క కాదు, దాని పుట్టిల్లు మడగాస్కర్. అయినా ఇదే పద్ధతి. అనాసపండు మొక్కదీ ఇదే దారి.

ఒక మాట. హైన్‌లా మీరు ఆకులు నమలకండి. రణపాలలో గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయి, ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలు మేసి పశువులు చచ్చిపోయాయి. నేను పీహెచ్ పేపర్ వాడాను. పొద్దున ఆరింటికి ఆకు రసం తగిలితే నారింజ రంగుకి తిరిగింది. సాయంత్రం ఐదింటికి అదే మొక్క ఆకుతో లేత పసుపు, అంతే.

నా నాలుగు మొక్కలూ దాహంతో చావలేదన్నమాట. అవి తాగేది కొంచెం, నేను పోసింది బిందెడు. ఎప్పుడూ తడి మట్టిలో ఉండి వేళ్లకి ఊపిరాడలేదు. ఇప్పుడు మట్టి పూర్తిగా ఎండాకే పోస్తున్నాను. రణపాల పిల్లలు పదకొండు లేచాయి.