తెలుగు నిఘంటుకారుల వివాదం: పదానికి ప్రమాణమేది?

1. ప్రవేశిక

ఒక నిఘంటువుపై వెలువడే సమగ్రమైన విమర్శ చాలాసార్లు మరొక నిఘంటువే. మధ్యయుగపు అరబ్బీ నిఘంటు చరిత్ర ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. జౌహరీ కూర్చిన ‘సిహాహ్‌’లో చేరని పదాలను లాహోరులో జన్మించిన సగానీ 13వ శతాబ్దిలో అనుబంధంగా సంకలనం చేశాడు. ఫీరూజాబాదీ (1329–1415) తన ‘కామూస్‌’లో, జౌహరీ విడిచిన పదాలను ఎర్రసిరాతో గుర్తించాడు. తెలుగులోనూ ఇటువంటి వివాదం నడిచింది. పదానికి ప్రమాణం కావ్యమా, వ్యవహారమా అన్నదే దాని మూలప్రశ్న.

2. కావ్యం – వ్యవహారం

కాంప్‌బెల్ నిఘంటువుకు (1821) మచిలీపట్టణానికి చెందిన మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ ఆధారం. సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యపదాల సరసన వాడుకపదాలకూ చోటిచ్చాడు. 1854లో ‘మిశ్రభాషా నిఘంటువు’లో అన్యదేశ్యాలను నమోదు చేశాడు. బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ (1885) కావ్యప్రయోగాన్నే ప్రధాన ప్రమాణంగా స్వీకరించింది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు చేపట్టిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ (తొలి సంపుటం 1936) ఆ మార్గాన్నే అనుసరించింది. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాది. ఎదుటి పక్షాన నిలిచిన గిడుగు రామమూర్తి పూర్వ వచన రచనల్లోనే వ్యావహారిక రూపాలను చూపి, ప్రత్యర్థులు ఆశ్రయించిన సంప్రదాయాన్నే తన వాదానికి సాక్ష్యంగా నిలిపారు.

3. రెండు విధాల విమర్శ

తరువాతి కాలంలో ఈ విమర్శ రెండు దారులు పట్టింది. రవ్వా శ్రీహరి ‘శ్రీహరి నిఘంటువు’ను సూర్యరాయాంధ్ర నిఘంటు శేషంగా రూపొందించారు, ఇది సగానీ చేసిన పనికి సన్నిహితం. పూర్వనిఘంటువును తిరస్కరించక, దాని లోటును పూరించే మార్గమిది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన ‘మాండలిక వృత్తిపదకోశం’ వ్యవసాయ సంపుటం (1962) ప్రమాణాన్నే మార్చింది. అందులో సాక్షి కవి కాదు, రైతు.

4. ఉపసంహారం

ప్రతి పదానికీ ఆధారం చూపాలన్న నియమం గ్రాంథికవాదులు పాటించిన విలువైన క్రమశిక్షణ. అయితే ఆ ఆధారం గ్రంథస్థమై ఉండి తీరాలన్న నిబంధన వల్ల, కావ్యాలకెక్కని ప్రాంతాల, వృత్తుల పదసంపద నిఘంటువు వెలుపలే మిగిలింది. నేటికీ ఓరుగల్లు విద్యార్థి జవాబుపత్రంలో ‘సోయి’, ‘ఎవుసం’ వంటి మాటలు రాస్తే వాటి కింద ఎర్రగీత పడే అవకాశం ఉంది. ఫీరూజాబాదీ ఎర్రసిరా మాత్రం విడిచిన పదాన్ని కొట్టివేయడానికి కాదు, చేర్చుకోవడానికి. నిఘంటువులో పదం లేకపోవడం ఆ నిఘంటువు పరిధిని తెలుపుతుందే తప్ప, పదానికి దోషాన్ని ఆపాదించదు. నిఘంటు చరిత్రను బోధించేవారు మొదట గుర్తించవలసిన విషయమిదే.