గొంతు కేన్సర్ అనంతర పునర్నిర్మాణం: మింగే మార్గపు శస్త్రచికిత్సా చరిత్ర

తెలుగులో 'గొంతు' అన్న మాట మింగే మార్గాన్నీ, పలికే స్వరాన్నీ కలిపే చెబుతుంది. శస్త్రచికిత్సా చరిత్రలో మాత్రం ఈ రెండూ చాలాకాలం విడివిడిగానే నడిచాయి. 1873 డిసెంబరు 31న వియన్నాలో థియొడోర్ బిల్‌రాత్ కేన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించాడు. ఆయన సహాయకుడు కార్ల్ గుస్సెన్‌బవర్ ఆ రోగికి కృత్రిమ స్వరపేటికను అమర్చి, 1874లో దాని వివరాలు ప్రకటించాడు. రోగి కొన్ని నెలలకే వ్యాధి తిరగబెట్టి మరణించాడు. వైద్యచరిత్ర రచనల్లో ఈ ఘట్టానికి దక్కిన ప్రాధాన్యం, దానికంటే కఠినమైన మరో సమస్యను కొంత మరుగుపరచింది.

వ్యాధి స్వరపేటికకే పరిమితమైతే వెనుకనున్న గ్రసని చాలావరకు మిగులుతుంది. అంచులు కలిపి కుట్టవచ్చు. వ్యాధి గ్రసని చుట్టూ పాకితే ఆ గొట్టాన్నే కోసి తీసివేయాలి. అప్పుడు నాలుక మొదలుకూ అన్నవాహికకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. 1886లో మికులిచ్ మెడ చర్మంతో అన్నవాహిక పైభాగాన్ని పునర్నిర్మించాడు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో లండన్‌లో విల్‌ఫ్రెడ్ ట్రాటర్ ఈ మార్గాన్ని విస్తరించాడు.

1942లో టొరంటోకు చెందిన హెరాల్డ్ వూకీ ప్రకటించిన పద్ధతి దీర్ఘకాలం ప్రమాణంగా నిలిచింది. మెడ పక్క నుంచి వెడల్పాటి చర్మపు పట్టీని లేపి, లోపలికి మడిచి గ్రసని వెనుక గోడగా కుట్టేవారు. ముందు భాగాన్ని తెరిచే ఉంచేవారు. వారాల తరువాత రెండో శస్త్రచికిత్సలో దానిని గొట్టంగా మూసేవారు. ఈ నడిమి కాలంలో లాలాజలం మెడ మీదికి కారుతూనే ఉండేది. ఆహారం ట్యూబు ద్వారానే. గొట్టం పూర్తికాకముందే వ్యాధి తిరగబెట్టిన వారున్నారు. అంటే, చికిత్స పేరిట మిగిలిన ఆయుష్షంతా మింగలేని స్థితిలోనే గడిచిపోయేది. పద్ధతి విజయవంతమైనదని రాసేటప్పుడు ఈ లెక్కను కూడా చూడవలసి ఉంటుంది. పైగా రేడియేషన్ తగిలిన మెడ చర్మం సరిగా మానదు.

ఈ చిక్కుకు 1965లో బఫెలో నగరంలోని వహ్రామ్ బకమ్‌జియాన్ ఒక పరిష్కారం చూపాడు. రేడియేషన్ తగలని ఛాతీ చర్మాన్ని, రొమ్ముటెముక పక్కనుంచి వచ్చే రక్తనాళాలు తెగకుండా మెడలోకి తిప్పాడు. అయినా అంచెలు రెండుకు తగ్గలేదు.

ఒకే అంచెలో పని ముగించే ఆలోచన అప్పటికే పుట్టింది. 1959లో న్యూయార్క్‌లో సైడెన్‌బర్గ్ బృందం చిన్న పేగు ముక్కను వేరుచేసి మెడలో అమర్చి, రక్తనాళాలను అక్కడి నాళాలతో కలిపింది. రోగి కొద్ది రోజుల్లోనే మెదడు రక్తప్రసరణ దెబ్బతిని మరణించినా, పేగు ముక్క సజీవంగానే ఉంది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో ఓంగ్, లీ అనే శస్త్రవైద్యులు జీర్ణాశయాన్నే ఛాతీ గుండా పైకి లాగి గ్రసనికి కలిపిన పద్ధతిని ప్రకటించారు. చరిత్రకారులు మొదటిదాన్ని ఎక్కువగా స్మరిస్తారు. కాని సన్నని రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద కుట్టే నైపుణ్యం విస్తరించేదాకా ఆచరణలో నిలబడింది రెండోదే. దానికి ఉదరం, ఛాతీ, మెడ మూడింటినీ ఒకేసారి కదిలించవలసి వచ్చేది. ప్రాణాపాయమూ ఆ మేరకే ఉండేది.

1979లో స్టీఫన్ ఏరియన్ వర్ణించిన ఛాతీ కండ పట్టీకి సూక్ష్మదర్శిని అవసరం లేదు. పరిమిత వసతులున్న ఆసుపత్రులకూ ఇది అందుబాటులోకి రావడానికి కారణం అదే. 1980లలో చైనా వైద్యుల ముంజేతి చర్మపు పట్టీ, తరువాత తొడ చర్మం గొట్టాలుగా మారాయి.

స్వరం ప్రశ్న ఇక్కడే మళ్లీ ఎదురవుతుంది. 1980లో బ్లోమ్, సింగర్ శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య గోడలో చిన్న కవాటం అమర్చే పద్ధతిని ప్రకటించారు. ఊపిరితిత్తుల గాలి ఆ కవాటం గుండా కొత్త గొట్టంలోకి వెళ్లి, దాని గోడలను కంపింపజేస్తుంది. పేగుతో చేసిన గొట్టం తన జిగురు స్రావం వల్ల తడి ధ్వనినిస్తుంది. చర్మపు గొట్టంలో మాట సాధారణంగా మరికొంత స్పష్టంగా వినిపిస్తుంది. మింగడానికి నిర్మించిన మార్గమే పలకడానికీ ఆధారమైంది గనుక, ఏ కణజాలాన్ని ఎంచుకోవాలన్న నిర్ణయంలో అప్పటినుంచి రోగి మాట కూడా లెక్కలోకి వచ్చింది.