తిరిగి వచ్చిన సరుకు

క్రయవిక్రయములు ముగిసిన పిమ్మట పుట్టెడి తగవులను గూర్చి ఈ ప్రసంగమున కొంత విచారింప దలచినాము. మమ్ము ఇందుకు పురికొల్పినది గ్రంథము కాదు. మాకు పరిచితుడైన ఒక చేనేత వ్యాపారికి కలిగిన చిక్కు. ఆయన మంగళగిరి చీరలను ఇంటివద్దనే మడతపెట్టి, ఇంటర్నెట్టు అంగడి ద్వారా దూరపు ఊళ్ళకు అమ్ముచుండును. కొనువారు చీరను ముట్టి చూడరు. ఫోటో చూచి కొందురు. ఒక దసరా దినములలో ఆయన పంపిన చీర యొకటి ‘రంగు వేరు’ అను ఫిర్యాదుతో తిరిగి వచ్చినది. కట్ట విప్పి చూడగా అందున్నది ఆయన పంపిన చీర కాదు. ఎవరో కట్టి విడిచిన పాత నూలుచీర. అప్పటికే అంగడివారు కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చివేసిరి. “నేను పంపింది ఇది కాదని ఎవరికి చెప్పుకోమంటారండీ?” అని ఆయన మమ్మడిగినాడు.

ఆ ప్రశ్నకు మా వద్ద అప్పటికప్పుడు సమాధానము లేదు. కాని అది మిక్కిలి పాత ప్రశ్న యని మాత్రము చెప్పగలిగితిమి.

మన ధర్మశాస్త్రకారులు వివాదములను పదునెనిమిది పదములుగా విభజించిరి. అందొకటి క్రయవిక్రయానుశయము. అనుశయమనగా పశ్చాత్తాపము. ‘ఏల కొంటిని’ అని కొన్నవాడును, ‘ఏల అమ్మితిని’ అని అమ్మినవాడును వగచుట. ఈ పేరునందే యొక విశేషము కలదు. సరుకు తిరిగి ఇచ్చుట కొన్నవాని హక్కుగా మాత్రమే మనము నేడు తలచుచున్నాము. మనువు దానిని ఇరువురకును ఇచ్చెను. పది దినముల లోపల కొన్నవాడు తిరిగి ఇయ్యవచ్చును. అమ్మినవాడు తిరిగి తీసికొనవచ్చును. కౌటిల్యుడు మనుష్యులను బట్టి గడువును మార్చెను: వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు. సరుకు నెరిగిన వర్తకునకు ఒక్క రాత్రి ఆలోచన చాలునని కాబోలు.

యాజ్ఞవల్క్యుడు మనుష్యులను విడిచి సరుకును చూచెను. ఇనుమును పరీక్షించుటకు ఒక దినము. పాడిపశువునకు మూడు దినములు, బరువు మోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. విత్తనమును చేత పట్టి చూచి లాభము లేదు, మొలక కనబడవలెను. ఆవును మూడు పూటలైనను పిదికి చూడవలెను. ఈ జాబితాలోనే దాసదాసీజనమునకును పరీక్షాకాలము వ్రాయబడి యున్నది. ఆ మాటను చెప్పక దాటిపోవుట న్యాయము కాదు. ఆ కాలపు అంగడిలో మనుష్యుడును సరుకే.

వీరందరిలో అంగడి వీధిని దగ్గరగా చూచినవాడు నారదుడని మాకు తోచుచున్నది. కొన్ననాడే, చెడగొట్టకుండ తెచ్చి ఇచ్చిన సరుకును అమ్మినవాడు తీసికొనవలెను. రెండవనాడు తెచ్చినచో కొన్నవాడు వెలలో ముప్పదియవ పాలు వదలుకొనవలెను. మూడవనాడు దానికి రెట్టింపు. అటుపై ఆ సరుకు కొన్నవానిదే. అనగా ఆలస్యమునకు వెల కట్టినాడు. మంచి సరుకు చూపి దోషమున్న సరుకు ఇచ్చినవాడు కొన్నవానికి వెలకు రెట్టింపు చెల్లించి, రాజునకు దండుగ కూడ కట్టవలెను. ఫోటోలో ఒకటి చూపి కట్టలో ఒకటి పంపు నేటి వర్తకుడు ఈ నియమము క్రిందికే వచ్చును. అయితే అమ్మువానిని నారదుడు మరచిపోలేదు. బేరము కుదిరి, సరుకు ఇయ్యబోగా కొన్నవాడు తీసికొనకున్నచో, దానిని వేరొకరికి అమ్మిన తప్పు లేదనెను. కట్టి మాపిన బట్టను, అందు దోషమున్నను సరే, తిరిగి ఇచ్చుటకు వీలు లేదనెను. ఒకమారు ఉతికిన బట్ట వెలలో ఎనిమిదవ పాలు తగ్గుననియు, రెండు మారులకు నాలుగవ పాలు, మూడు మారులకు మూడవ పాలు, నాలుగు మారులకు సగము తగ్గుననియు లెక్క వ్రాసినాడు. చాకిరేవును, బట్టల కొట్టును ఎరుగనివానికి ఇట్టి లెక్క తోచదు. మా మిత్రునకు ఈ లెక్కను వినిపించినపుడు ఆయన పాత చీరను చేత పట్టుకొని చూచి, “ఇది నలభై ఉతుకులైనా చూసుంటుందండీ” అన్నాడు.

ఈ స్మృతులు సంస్కృతమునకే పరిమితమై యుండలేదు. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దానిని 13వ శతాబ్దిలో, తిక్కనకు తన దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన మూలఘటిక కేతన, విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములుగా చేసెను. అందు వ్యవహారకాండము కలదు. తెలుగువారు న్యాయశాస్త్రమును తమ భాషలో చదువుకొనుట నాటి మాట.

ఈ ధర్మములన్నియు ఒక ఊహపై నిలిచి యున్నవి. కొనువాడొకడు, అమ్మువాడొకడు, తగవు వచ్చినచో తీర్చువాడు వారిరువురును కాని మూడవవాడు. కొనువాడే తీర్పరి యైనచో ఏమగునో గోదావరీ తీరమున నేతగాండ్రు కొన్ని తరముల పాటు అనుభవించిరి.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున దిగిరి. తరువాత నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునను, ఇంజరమునను, బెండమూర్లంకయందును వారి బట్టల కొఠీలు నడచినవి. మాధవాయపాలెము పేరు ఇంగ్లీషువారి నోట మడపొల్లామై, ఒక జాతి బట్టకే పేరై నిలిచినది. లండనులోని కొనుగోలుదారు మన మగ్గమును చూడలేడు. మన నేతగాడు లండనును చూడలేడు. వీరిరువురకును నడుమ నిలిచినది మచ్చు. ఇంత పొడవు, ఇంత పన్నా, ఇన్ని పుంజముల బట్ట అని మచ్చు తాను చూపి ఒప్పందము చేయుదురు. పుంజమనగా పడుగులో 120 పోగులు; పుంజములు పెరిగిన కొలది నేత సన్నమగును. నేసిన తానులు గిడ్డంగికి చేరగా అచ్చట వానిని మచ్చుతో పోల్చి మొదటి రకము, రెండవ రకము, మూడవ రకమని వేరుచేసి, తక్కిన వానిని త్రోసివేసెడివారు. ఇంగ్లీషువారి గోడౌను మాటకు మన గిడ్డంగియే మూలమనువారును కలరు. మాటను వారు తీసికొనిపోయిరి, త్రోసివేసిన తానులను మాత్రము మనకు విడిచిరి.

మొదటి కాలమున ఇది అంత భారము కాలేదు. కంపెనీకిని నేతగానికిని నడుమ దేశీయ వర్తకులుండిరి. కొనువారు పలువురు: ఇంగ్లీషువారు, పాలకొల్లున డచ్చివారు, యానామున ఫ్రెంచివారు, స్వదేశపు వర్తకులు. ఒకరు వలదన్న తానును మరియొకరు కొందురు. బయానా పుచ్చుకొన్న నేతగాడు దానిని తిరిగి ఇచ్చివేసి ఒప్పందము నుండి తప్పుకొనవచ్చును. బయానా ఇచ్చిన వర్తకునకు మాత్రము అట్టి స్వేచ్ఛ లేకుండెడిదని చరిత్రకారులు గుర్తించిరి. అనుశయపు హక్కు ఇచ్చట బలహీనుని పక్షమున నుండెనన్న మాట.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వలనను, 1766లో నిజాముతో కుదిరిన సంధి వలనను ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చినవి. అంతట కొనువాడే ప్రభువైనాడు. క్రమముగా నడిమి వర్తకులను తొలగించి, కంపెనీ ఉద్యోగులు నేతగాండ్రకు నేరుగా బయానాలిచ్చుట మొదలిడిరి. కంపెనీ పని ముగియనిదే ఇతరులకు నేయరాదు. పని జాగైనచో మగ్గము వద్ద బంట్రోతు కాపు నిలుచును. మచ్చు కంపెనీ గిడ్డంగిలో నుండును. కొలబద్ద కంపెనీ ఉద్యోగి చేత నుండును. రకమును నిర్ణయించువాడును అతడే. త్రోసివేసిన తాను నేతగాని చేతికి వచ్చును. అతడు పుచ్చుకొన్న బయానా అప్పుగా నిలుచును. నూలు వెల పెరిగినను బట్ట వెల పెరుగదు. పోగులు తక్కువయ్యెనని ఉద్యోగియు, నూలు పిరమయ్యెనని నేతగాడును వాదింపగా, వినువాడెవడు?

18వ శతాబ్ది చివరి పాదమున విశాఖపట్టణ ప్రాంతమునను, గోదావరి ప్రాంతమునను నేతగాండ్రు మగ్గములు విడిచి, కూడి, అర్జీలు పెట్టిరి. పద్మశాలీలు, దేవాంగులు, కైకాలవారు, కర్ణభక్తులు మొదలగు కులములవారు తమలో తాము కట్టుబాట్లు చేసికొనిరి. ఆ అర్జీలను నేడు చదువువారికి ఒక సంగతి స్పష్టముగా తెలియును: వారు దానము కోరలేదు, మచ్చును సరిగా పోల్చుమనియు, వెలను సరిగా కట్టుమనియు కోరిరి. 1833 నాటి చార్టరు చట్టముతో కంపెనీ వర్తకమే ముగిసినది. అప్పటికి మాంచెస్టరు మిల్లుబట్ట మన సంతలకు వచ్చి చేరినది.

1877లో ఈ దేశపు తపాలాశాఖ వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టెను. సరుకు ఇంటికి వచ్చిన పిమ్మట సొమ్ము చెల్లించు ఏర్పాటు ఇది. మా చిన్ననాట గడియారములు, మందులు, పుస్తకములు ఇట్లే వచ్చెడివి. తపాలా బంట్రోతు గుమ్మమున నిలువగా, తెప్పించినవాడు ఊరిలో లేడని ఇంటివారు చెప్పుటయు మేమెరుగుదుము. పార్సెలు తిరిగిపోవును, పోస్టేజీ నష్టము పంపినవానిది. నేటి ఇంటర్నెట్టు వర్తకులు సొమ్ము చేతికి రాక వెనుకకు వచ్చిన కట్టలను చూచి వగచునప్పుడు, ఆ పాత పుస్తకముల అంగడివారి వగపే మాకు గుర్తుకు వచ్చుచున్నది.

1930 నాటి సరుకుల విక్రయ చట్టము మచ్చు మాటను తేటపరచినది. మచ్చు చూపి అమ్మినచో మొత్తము సరుకు దానితో సరిపోవలెను. పోల్చి చూచుకొనుటకు కొనువానికి తగిన అవకాశము నీయవలెను. 1986లో వచ్చి, 2019లో తిరిగి వ్రాయబడిన వినియోగదారుల రక్షణ చట్టము, దాని క్రింద 2020లో వెలువడిన ఇ-కామర్సు నియమములు ఇంకను ముందుకు పోయినవి. దోషమున్న సరుకును, ప్రకటించిన గుణములు లేని సరుకును తిరిగి తీసికొనుటకు అమ్మువాడు నిరాకరింపరాదు. ఫిర్యాదు అందెనని 48 గంటలలో తెలిపి, ఒక మాసములో పరిష్కరింపవలెను. ఇవి మంచి నియమములే. ఎన్నాళ్ళుగానో మోసపోయిన కొనువారికి ఇవి చాల అవసరమైనవి. కాని మా మిత్రుని వంటివారికి ఆ నడుమ నున్న తీర్పరి అంగడి యజమాని. అతడు సొంత సరుకు అమ్మకపోవచ్చును, పక్షపాతి కాకపోవచ్చును. అయినను కొనువాడు మరల రావలెనన్న కోరిక అతనికి కలదు. ఒక చీర కొరకు సివిలు కోర్టుకు పోవువాడెవడు?

అందుచేత మచ్చును తనవద్ద నుంచుకొనుటయే ఆయన నేర్చుకొన్న విద్య. చీర మడతపెట్టునపుడు ఫోను కెమెరాను ఎదుట నిలుపును. లోపలి మడతలో అంచున ఒక రంగుదారపు ముడి వేయును. తూకము వేసి వ్రాసికొనును. తిరిగి వచ్చిన కట్టను ఒంటరిగా విప్పడు. తెచ్చినవాని ఎదుట, కెమెరా ముందు విప్పును. గడువు దాటకుండ, కోపపు మాట లేకుండ, ఫోటోలు జతచేసి ఫిర్యాదు వ్రాయును. ఇవి నేర్చుకొనుచుండగా ఆయనకు మరియొకటి తెలిసినది. ‘రంగు వేరు’ అని లోగడ తిరిగి వచ్చిన చీరలను, వాని ఫోటోలను మేము ఆయనతో కూర్చుండి పక్కపక్కన పెట్టి చూచితిమి. ట్యూబు దీపము క్రింద తీసిన ఫోటోలలో లేత ఆకుపచ్చ నీలమువలె నున్నది. అందు మూడింట కొన్నవారి మాటయే నిజము. నాటి నుండి ఆయన పగటి వెలుగునందు వాకిటనే ఫోటోలు తీయుచున్నాడు. ఫిర్యాదు న్యాయమైనదైనచో వాదింపక సొమ్ము ఇచ్చివేయుచున్నాడు.

ఆ పాత చీర తగవునకు కెమెరా సాక్ష్యము లేదు. అప్పటికి ఆయన ఆ విద్య నేర్వలేదు. పంపినప్పటి పార్సెలు రసీదులోని తూకమునకును, తిరిగి వచ్చిన కట్ట తూకమునకును గల భేదమును చూపి మూడు మారులు వ్రాసెను. మూడవ దానికి జవాబుగా అంగడివారు వెలలో సగము ఇచ్చిరి. తక్కిన సగము ఇంకను రాలేదు.