అయిదు స్వరాలు, కదిలే నేల



సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో, నగరిలోనైనా తిరుత్తణిలోనైనా, తప్పకుండా వినిపించే వర్ణాల్లో మోహన రాగంలోని "నిన్నుకోరి" ఒకటి. రామనాథపురం శ్రీనివాస అయ్యంగారి రచనగా దానికి ప్రసిద్ధి. తమిళదేశపు విద్వాంసుడు, తెలుగు సాహిత్యం. మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇందులో వింత ఏమీ లేదు. ఇప్పుడు అదే ఇంట్లో మరో గదిలో అన్నయ్య గిటారు మీటుతున్నాడనుకోండి. వాడి చేతికి మొదట అలవాటయ్యేవి కూడా దాదాపు ఆ అయిదు స్వరాలే. "గిటారు పడితే వీడికి రాగం పోతుందేమో" అని పెద్దవాళ్లకు ఒక బెంగ. ఆ బెంగలో నిజమెంత ఉందో, మద్రాసు నగరం దానికి ఏమి సమాధానం చెప్పిందో ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

మోహనంలో ఉన్నవి షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. స రి గ ప ధ. శంకరాభరణంలో నుంచి మధ్యమాన్ని, నిషాదాన్ని తీసేస్తే మిగిలేది ఇదే. ఆ తీసేసిన రెండూ ఎలాంటివో గమనించండి. శుద్ధ మధ్యమం గాంధారానికి అరమెట్టు దూరంలో ఉంటుంది. కాకలి నిషాదం పై షడ్జమానికి అరమెట్టు దూరంలో ఉంటుంది. అంటే పక్క స్వరంతో ఒరుసుకునే రెండే బయటికి పోయాయి. మిగిలిన అయిదింటిలో ఏ రెండింటిని కలిపి మోగించినా చెవికి గుచ్చుకోదు. హిందుస్తానీవారి భూప్, చైనావారి పాత బాణీలు, స్కాట్లండు జానపద గీతాలు ఇలాంటి అయిదు స్వరాల మీదే నడవడానికి ఈ సౌమ్యతే ఒక కారణం అనుకోవచ్చు. అయిదు స్వరాల రాగాలన్నీ ఇంత సౌమ్యమైనవి కావు. హంసధ్వనిలో నిషాదం షడ్జమాన్ని ఒరుసుకునే ఉంటుంది. దాని మెరుపంతా అక్కడే.

మన కచేరీలో గాయకుడు కల్పనస్వరాలు వేసేటప్పుడు వెనక తంబూరా మోగుతూ ఉంటుంది. స, ప. మూడు గంటల కచేరీలోనూ ఆ షడ్జమం కదలదు. గాంధారం ఎక్కడున్నా ఆ షడ్జమానికే గాంధారం. ఇల్లు ఒకచోటే ఉంటుంది, మనం ఊరంతా తిరిగి ఇంటికి చేరుకుంటాం.

జాజ్ సంగీతంలో అలా కాదు. అక్కడ కిందనున్న నేలే కదులుతుంది. మూడు నాలుగు స్వరాలను ఒక్కసారిగా మోగిస్తే దాన్ని కార్డు అంటారు. స, గ, ప కలిపితే ఒక కార్డు. మ, ధ, స కలిపితే ఇంకొకటి. పాట నడుస్తుంటే ఈ కార్డులు మారిపోతూ ఉంటాయి. పైన మీరు పట్టుకుని ఉన్నది ఒకే షడ్జమం అనుకోండి. స-గ-ప మోగినప్పుడు అది ఇంటి యజమాని. కిందికి మ-ధ-స రాగానే అదే షడ్జమం ఆ మధ్యమానికి పంచమంలా వినిపిస్తుంది. ధ-స-గ వస్తే ధైవతానికి గాంధారంలా మారుతుంది, అదీ కోమలమైన గాంధారంలా. స్వరం కదలలేదు, దాని అర్థం కదిలింది.

ఇది మనకు తెలియని సంగతి కాదు. "అవసరం" అన్న మాట ఉంది. పుత్తూరులో "అవసరం" అంటే కావలసి ఉందని. కొద్ది మైళ్లు దక్షిణంగా వెళ్లి అదే మాట తమిళంలో అంటే తొందరని. మాట ఒక్కటే, దాని కింది నేల మారింది. రెండు భాషల మధ్య బతికే మన చెవికి జాజ్ వాద్యకారుడు చేసే పని సులభంగానే అందాలి.

మన శాస్త్రంలోనూ దీనికి దగ్గరి చుట్టం ఉంది. దాన్ని గ్రహభేదం అంటారు, శ్రుతిభేదం అనీ అంటారు. మోహనంలోని అయిదు స్వరాలనూ అలాగే ఉంచి, రిషభాన్ని షడ్జమం అనుకుని పాడితే మధ్యమావతి అవుతుంది. గాంధారాన్ని అనుకుంటే హిందోళం. పంచమాన్ని అనుకుంటే శుద్ధ సావేరి. ధైవతాన్ని అనుకుంటే శుద్ధ ధన్యాసి. ఒకే అయిదుగురు అన్నదమ్ములు, ఎవరు పెద్దరికం చేస్తే ఆ ఇంటికి ఆ పేరు. అయితే కచేరీలో దీన్ని ఒక చమత్కారంగా కాసేపు చూపించి మళ్లీ అసలు షడ్జమానికి వచ్చేస్తారు. జాజ్‌లో ఆ కాసేపే ప్రయాణమంతా.

అమెరికాలో ఈ ప్రయాణాన్ని దూరం తీసుకువెళ్లినవారిలో సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్, ఆయన వెంట పియానో వాయించిన మెకాయ్ టైనర్ ముఖ్యులు. 1964 డిసెంబరులో రికార్డు చేసిన "ఎ లవ్ సుప్రీమ్"లో కోల్ట్రేన్ చిన్న స్వరగుచ్ఛం ఒకటి తీసుకుని పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పుతాడు. ఆయనకు మన సంగీతమంటే గౌరవం. రవిశంకర్ మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

గిటారు మీద ఈ పని ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. జాజ్‌లో పదే పదే వచ్చే మూడు కార్డుల వరస ఉంది. మొదటిది రి-మ-ధ-స. రెండోది ప-ని-రి-మ. మూడోది స-గ-ప-ని, అదే ఇల్లు. మొదటి కార్డు మీద వాద్యకారుడు మన షడ్జమం నుంచే మోహనం వాయిస్తాడు. రెండో కార్డు రాగానే చేతివేళ్ల అమరిక మార్చకుండా ఒక్క మెట్టు పైకి జరుపుతాడు. ఇప్పుడు వినిపించే అయిదు స్వరాల్లో మధ్యమం తప్ప మిగిలిన నాలుగూ ఆ కార్డుకు పరాయివి. చెవికి ఒక ఉద్వేగం, ఏదో తేలాలి అన్న ఆరాటం. మూడో కార్డుకు ఇంకొక మెట్టు జరుపుతాడు. ఇప్పుడు మోహనం రిషభం మీద నిలబడింది. అందులో ఇంటి గాంధారం, నిషాదం ఉన్నాయి, ప్రతి మధ్యమం కూడా వచ్చి చేరింది. మనవాళ్లు వింటే "కల్యాణి ఛాయ తగిలిందే" అంటారు. వేళ్లకు ఒకే పాఠం, చెవికి మూడు లోకాలు.

మరి మద్రాసు మాట. 1996 నుంచి చెన్నై అంటున్న ఆ నగరంలో కచేరీ సభలు ఒకవైపు, కోడంబాకం, వడపళని స్టూడియోలు మరోవైపు. సభలో తంబూరా, స్టూడియోలో గిటారు, పియానో. 1957 నాటి "మాయాబజార్"లోని నౌకావిహారం పాట మోహనమే. కర్ణాటక సంగీతం పెద్దగా తెలియని ఇళ్లలోకి కూడా ఆ రాగం వెన్నెలలా వచ్చి చేరింది. పాట కింద పాశ్చాత్య వాద్యాలు పెట్టినప్పుడల్లా సంగీత దర్శకుడికి ఒక చిక్కు ఉండేది. మోహనంలోని స్వరాలతో మాత్రమే కట్టగల మూడు స్వరాల సాధారణ కార్డులు రెండే: స-గ-ప, ధ-స-గ. ఇంకో కార్డు కావాలంటే రాగంలో లేని మధ్యమాన్నో నిషాదాన్నో కిందికి తేవాలి. తేవచ్చా, కూడదా? గాయకుడు ముట్టని స్వరాన్ని వాద్యం ముడితే రాగం చెడినట్టా?

ఈ చిక్కును చిక్కులా కాక ఆటలా చూసినవారు ఇళయరాజా. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం చదువుకుని, జి.కె. వెంకటేష్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన గిటారిస్టు ఆయన. 1988లో వచ్చిన "అగ్నినక్షత్రం", మన తెలుగు "ఘర్షణ", అందులో ఇందాక చెప్పుకున్న వర్ణం ఎత్తుగడనే తీసుకుని మోహనంలో పాట కట్టారు. పైన వర్ణం వాసన, కింద గిటారు, డ్రమ్ములు. వర్ణం నేర్చిన పిల్లా, గిటారు పట్టిన అన్నా ఇద్దరూ "ఇది నా పాట" అనగలిగారు.

ఇంకొక వింత చూడండి. మన గోదావరి బిడ్డ, చెన్నైలో స్థిరపడిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మహతి అనే రాగం కల్పించారు. స, గ, ప, కైశికి నిషాదం. నాలుగే స్వరాలు. రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలి కదా అని అప్పట్లో పెద్ద వాదమే లేచింది. ఆ నాలుగు స్వరాలనూ ఒకేసారి మోగించండి. జాజ్‌కూ బ్లూస్‌కూ ప్రాణమైన కార్డు అదే. ఒకరు వరసగా పలికితే రాగం, ఇంకొకరు కలిపి పలికితే కార్డు.

అయితే పెద్దల బెంగ ఉత్తదేమీ కాదు. రాగమంటే స్వరాల పట్టీ కాదు. గమకం, సంచారం, విశ్రాంతి. మెట్ల మధ్య జారలేని వాద్యం గమకాన్ని పలకలేదు. స్వరాలు బిగుసుకుపోతాయనే కారణంతోనే ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరం పెట్టింది. మోహనాన్ని మెట్టు మెట్టుకూ జరిపే జాజ్ వాద్యకారుడు ఆ అయిదు స్వరాలను వాడుకుంటున్నాడు, మోహన రాగాన్ని మాత్రం పాడటం లేదు. షడ్జమం కదిలిన చోట రాగం నిలవదు. ఈ తేడా ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నవాళ్లే రెండు వైపులా గెలిచారు. జాజ్ గిటారులో అప్పటికే పేరు సంపాదించిన ఇంగ్లీషు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970ల నడుమ వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో "శక్తి" బృందం కట్టినప్పుడు తన కార్డుల విద్యను చాలావరకు పక్కన పెట్టి, కదలని షడ్జమం ముందు కూర్చున్నాడు. తీగను లాగి గమకం పలికించడానికి మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచిన గిటారు చేయించుకున్నాడు.

ఎదురుదారిలో వెళ్లినవాడు మన పాలకొల్లు శ్రీనివాస్. 1969లో పుట్టి, చిన్నతనంలోనే మద్రాసు చేరి, విద్యుత్ మాండలిన్ మీద గమకం పలికించి సభలను ఒప్పించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1990ల చివర మెక్‌లాఫ్లిన్ మళ్లీ కూర్చిన శక్తి బృందంలో ఆయన పక్కన కూర్చున్నాడు. 2014లో, 45 ఏళ్లకే, చెన్నైలో కన్నుమూశాడు. జాజ్ శ్రోతల ముందుకు వెళ్లాడని ఆయన చేతిలో రాగం పోయిందని అన్నవాళ్లు లేరు. ముందు ఒక షడ్జమం దగ్గర స్థిరంగా కూర్చోవడం నేర్చినవాడు గనుక కదిలే నేల మీద కూడా తూలలేదు.

కాబట్టి ఇంట్లో గిటారు మోగుతుంటే తలుపు మూయకండి. చెల్లెల్ని మోహనం పాడమనండి. అన్నను ముందు స-గ-ప మోగించమనండి, తర్వాత ధ-స-గ, తర్వాత మ-ధ-స. పాట మారకుండానే దాని రంగు మారడం మీ చెవితో మీరే పట్టుకుంటారు. ఆ తర్వాత గిటారు ఆపించి, తంబూరా ఒక్కటే పెట్టి అదే పాట మళ్లీ పాడించండి. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తీర్పు చెప్పే పని లేదు. రెండూ వినగలిగిన చెవి పిల్లలకు మిగిలితే చాలు.